గాజువాక ఫైలు: అల్లుడు పౌరుడయ్యాడు, పాప కాగితం మిగిలిపోయింది

2019 ఏప్రిల్ చివరి వారం. మహారాణిపేటలోని మా ఆఫీసుకి గాజువాక నుంచి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. ఆమె ఒళ్లో ఏడాది పాప. తండ్రి చేతిలో బట్టల షాపు కవరు, అందులో కాగితాలు. ఆయన స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. కుర్చీలో కూర్చోకుండానే విషయం చెప్పేశారు.

"అల్లుడు గారికి అమెరికా సిటిజన్ వచ్చేసిందమ్మా. ఇంక మా పిల్ల ఎల్లిపోవడమే. ఆ పుట్టిన సర్టిఫికెట్టు ఒక్కటీ సేయించి పెట్టండి సాలు."

ఆ ఒక్క కాగితం కోసం వచ్చిన కేసు ఐదేళ్లకు పైగా మా ఆఫీసులో నడిచింది. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. మా ఆఫీసులో దీన్ని గాజువాక ఫైలు అంటాం, ఇక్కడా అదే పేరు వాడతాను.

ముందే ఒక మాట. నేను విశాఖలో వకీలుని, అమెరికా అటార్నీని కాను. అక్కడి ఫారాలు నింపడం, అక్కడి చట్టం మీద సలహా ఇవ్వడం న్యూజెర్సీలో లైసెన్సున్న అటార్నీ చేశారు. ఇక్కడి కాగితాలన్నీ నేను చూశాను. ఈ హద్దు దాటి పనిచేసే వాళ్లు మన ఊళ్లో ఉన్నారు. ఈ కేసులో సగం కష్టం అక్కడే పుట్టింది.

కవర్లో ఏముంది

2017 ఫిబ్రవరిలో సింహాచలంలో పెళ్లి. అబ్బాయిది అనకాపల్లి, అప్పటికే గ్రీన్ కార్డు ఉంది. పెళ్లయిన నాలుగు నెలలకి భార్యను శాశ్వతంగా అక్కడికి తీసుకెళ్లడానికి ఐ-130 అనే పిటిషన్ వేశాడు. 2018 ఏప్రిల్‌లో పాప విశాఖలోనే పుట్టింది. 2019 ఫిబ్రవరిలో అతను పౌరసత్వ ప్రమాణం చేశాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె అనకాపల్లిలో అత్తారింట్లోనూ, గాజువాకలో పుట్టింట్లోనూ మారి మారి ఉంటోంది.

ఏ ఫారంలో ఏం రాశారని ఆమెను అడిగాను. "అవన్నీ మా బావగారు చూస్తారు మేడమ్" అంది. భర్త అన్నగారు. మంచి మనిషే, తర్వాత నేనూ కలిశాను. ఈమెయిలు అడిగితే అదీ బావగారి దగ్గరే ఉందంది. తన పేరు మీద నడుస్తున్న ఫైల్లో ఒక్క పేజీ కూడా ఆమె చదవలేదు. బీకాం చదివిన మనిషి. చదవడం రాక కాదు, చదవమని ఎవరూ అనలేదు.

అప్పుడే నేను వలస వీసా కాగితాలు చూసే అమెరికా ఆఫీసు, నేషనల్ వీసా సెంటర్ నుంచి వచ్చిన ఉత్తరం చూశాను. అందులో ఒక్కరి పేరే ఉంది.

పాప ఎక్కడ?

గ్రీన్ కార్డు ఉన్నవాళ్ల భార్యాపిల్లలు ఎఫ్2ఏ అనే వరుసలో ఉంటారు. ఏడాదికి ఇన్ని వీసాలనే పరిమితి ఉంది కాబట్టి క్యూ తప్పదు. ఒక సౌకర్యం మాత్రం ఉంది. తల్లి మీద వేసిన పిటిషన్ మీదే పిల్లలు కూడా వెళ్లొచ్చు. భర్త పౌరుడయ్యాక భార్య పిటిషన్ దానంతటదే పౌరుడి భార్య వరుసలోకి మారుతుంది. పౌరసత్వ సర్టిఫికెట్ కాపీ పంపితే చాలు. ఇక క్యూ ఉండదు. ఇదంతా అల్లుడికి స్నేహితులు చెప్పారు, నిజమే చెప్పారు. వాళ్లు చెప్పనిది ఇంకొకటి ఉంది. ఈ కొత్త వరుసలో తల్లి వెంట పిల్లలు వెళ్లడానికి వీల్లేదు. ప్రతి బిడ్డకీ తండ్రి విడిగా ఐ-130 వెయ్యాలి.

అంటే ఫిబ్రవరిలో అతను చెయ్యెత్తి ప్రమాణం చేసిన రోజే భార్యకు దారి తెరుచుకుంది, పాపకు మూసుకుంది. ఇంట్లో అందరూ స్వీట్లు పంచుకున్నారు.

"ఏటమ్మా, ఏడాది పిల్లకి మళ్లీ వేరే అర్జీయా?" అన్నారు తండ్రి. ఆమె ఏమీ అనలేదు. పాపను ఇంకొంచెం దగ్గరికి తీసుకుంది.

పాపను అమ్మమ్మ దగ్గర వదిలి ముందు వెళ్లొచ్చని చెప్పడం నా బాధ్యత, చెప్పాను. అత్తారింటి వాళ్లూ అదే సలహా ఇచ్చారు. ఆమె రెండు రోజులు టైమ్ అడిగి, మూడో రోజు ఒంటరిగా ఆటోలో వచ్చింది. "ఇద్దరం కలిసే వెళ్తాం. ఎంత లేటయినా పర్వాలేదు. ఈసారి అన్ని కాగితాలూ నేనే చూసుకుంటాను." ఈ కేసులో ఆమె స్వయంగా తీసుకున్న మొదటి నిర్ణయం అది. ఆ రోజే మా ఆఫీసు కంప్యూటర్లో కూర్చుని సొంత ఈమెయిలు తెరిచింది. మే నెలలో ఆమె భర్త పాప పేరున పిటిషన్ వేశాడు. పాప ఆసుపత్రిలో పుట్టింది కాబట్టి మున్సిపల్ కార్పొరేషన్ వారి జనన ధ్రువపత్రం చక్కగా ఉంది. ఇబ్బందంతా తల్లి పత్రంతోనే.

చోడవరం దగ్గర పుట్టిన పిల్ల

ఆమె 1993లో చోడవరం దగ్గర అమ్మమ్మగారి ఊళ్లో, ఇంట్లో పుట్టింది. మంత్రసాని పోసిన పురుడు. పంచాయతీ రిజిస్టర్లో ఎవరూ రాయించలేదు. ఉత్తరాంధ్రలో ఆ వయసు ఆడపిల్లల్లో ఇది మామూలు విషయం. పదో తరగతి మార్కుల జాబితాయే మన పుట్టుకకి సాక్ష్యమని మనం నమ్ముతాం. అమెరికా వీసా అధికారులకి అది రెండో శ్రేణి సాక్ష్యం మాత్రమే. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969లో వచ్చి 1970 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి, ఆ తర్వాత పుట్టినవాళ్లకి సర్టిఫికెట్ ఉండాలనే వాళ్లు అనుకుంటారు. లేకపోతే, రికార్డు లేదని సంబంధిత అధికారి ఇచ్చిన పత్రం ఉండాలి. దానికి తోడు తల్లిదండ్రుల అఫిడవిట్లు, స్కూలు రికార్డు పెట్టాలి.

రెండు దారులున్నాయి. రికార్డు లేదనే పత్రంతో సరిపెట్టుకోవడం ఒకటి, ఆర్డీఓ ఉత్తర్వు తెచ్చుకుని ఆలస్యంగా జననం నమోదు చేయించడం రెండోది. నేను రెండోదే ఎంచుకున్నాను. ఎలాగూ పాప పిటిషన్ తేలేదాకా టైమ్ ఉంది. పైగా ఈ పత్రం ఆమెకు జీవితాంతం పనికొస్తుంది.

ముందు పంచాయతీలో రికార్డు లేదని రాయించుకున్నాం. తర్వాత అర్జీ, అఫిడవిట్లు, ఊళ్లో విచారణ, అనకాపల్లి ఆర్డీఓ గారి ఉత్తర్వు. ఆ విచారణలోనే ఒక చిన్న ముల్లు బయటపడింది. ఆమె తల్లి పేరుకి ముందు ఆధార్‌లో "అప్పల" ఉంది. కూతురి పాస్‌పోర్టులో లేదు. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు మా వైపు అరుదు. బళ్లో పంతుళ్లు ఆ "అప్పల"ను ఒకసారి రాస్తారు, ఒకసారి వదిలేస్తారు. మనకి ఇద్దరూ ఒకరే. ఫైలు చూసే అధికారికి ఇద్దరు తల్లులు. రెండు పేర్లూ ఒకే మనిషివని తల్లి చేత అఫిడవిట్ ఇప్పించి, కూతురి పాస్‌పోర్టు రీ-ఇష్యూకి పెట్టించి, మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసు పనితో ఆ తేడా తీసేశాం. పోలీస్ క్లియరెన్స్ కూడా తర్వాత అక్కడే తీసుకున్నాం.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, పేరంతా రెండో గడిలో వేయించుకున్న వాళ్లు మనలో చాలామంది. అమెరికా వీసా మీద వాళ్ల పేరు మొత్తం ఇంటిపేరు కింద పడి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ అని వస్తుంది. పేరు తెలియదని దానర్థం. బ్యాంకు, లైసెన్సు, ఉద్యోగం, ఎక్కడికి వెళ్లినా అదే పేరు వెంటపడుతుంది. పెళ్లి చూపులప్పుడే అమ్మాయి పాస్‌పోర్టు తెరిచి చూడండని నేను తల్లిదండ్రులకి చెబుతుంటాను. ఆమెకు ఆ ఇబ్బంది లేదు, ఇంటిపేరు సరిగ్గానే ఉంది.

ఒక "లేదు"

అసలు కష్టం నాకు జూన్‌లో తెలిసింది. "ఇంతకుముందు ఎప్పుడైనా వీసాకి అప్లై చేశారా?" అని నేను అందర్నీ అడుగుతాను. "చేశాం మేడమ్, 2018 చివర్లో. పాపను వాళ్ల నాన్నకి చూపించాలని టూరిస్టు వీసాకి హైదరాబాద్ వెళ్లాం. రిజెక్ట్ అయింది" అంది మామూలుగా.

రిజెక్ట్ అవడం పెద్ద సంగతి కాదు. భర్త అక్కడ ఉండి, వలస పిటిషన్ పెండింగ్‌లో ఉన్న భార్యకి టూరిస్టు వీసా రావడం కష్టమే. తిరిగొస్తుందని అధికారి నమ్మాలి. నాకు టెన్షన్ పెట్టింది వేరే. టూరిస్టు వీసాకి నింపే డీఎస్-160 ఫారంలో, మీ తరఫున ఎవరైనా వలస పిటిషన్ వేశారా అనే ప్రశ్న ఉంటుంది. దానికి ఏం రాశారు? ఆమెకు తెలియదు. బావగారికి తెలియదు. ఊళ్లో ఒక ఏజెంటు నింపాడు. అతని దగ్గరికి రెండుసార్లు వెళ్తే గానీ కాపీ బయటికి రాలేదు. ఆ ప్రశ్న పక్కన "లేదు" అని ఉంది. అప్పటికి పిటిషన్ వేసి ఏడాదిన్నర.

ఏజెంటు చెప్పిన మాట ఇది: "అవునని రాస్తే ఎలాగూ ఇవ్వరు కదా మేడమ్. అందరికీ అలాగే రాస్తాం."

ఆ రెండక్షరాలు ఎంత బరువో చాలామందికి తెలియదు. వీసా కోసం కావాలని, ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పారని అధికారి తేలిస్తే శాశ్వతంగా అనర్హత. పౌరుడి భార్య అయినా మినహాయింపు కోసం ఐ-601 వెయ్యాలి, తను రాకపోతే భర్తకు తీవ్రమైన కష్టం కలుగుతుందని రుజువు చెయ్యాలి. ఏజెంటు నింపాడు, నాకు తెలియదు అంటే అంతటితో వదలరు. ఫారం కింద సంతకం బటన్ ఎవరి పేరున నొక్కారో జవాబుదారీ వాళ్లే.

ఆమెకు ఉత్తుత్తి ధైర్యం చెప్పలేదు. ఏం కాదులే అనడం తేలిక, తర్వాత ఏడ్చేది ఆమె. న్యూజెర్సీ అటార్నీతో ముగ్గురం ఫోన్లో కూర్చున్నాం. ఆయన తేల్చి చెప్పారు: దాచొద్దు. కొత్త ఫారంలో పాత తిరస్కరణ రాయాలి, ఇంటర్వ్యూలో అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఎలా జరిగిందో ఆమె తన మాటల్లో ఒక స్టేట్‌మెంట్ రాసుకోవాలి. మొదటి డ్రాఫ్టులో "ఏజెంటు మోసం చేశాడు" అని రాసింది. నేను చదివి వెనక్కిచ్చాను. రెండోసారి రాసింది: "మా బావగారు ఏజెంటు చేత నింపించారు. నేను చదవకుండా ఒప్పుకున్నాను. అప్పటికి మా ఆయన వేసిన పిటిషన్ ఉంది. చదవకపోవడం నా తప్పు." అందులో నేను ఒక్క మాట మార్చలేదు.

ముంబై

పాప పిటిషన్ 2020 జనవరిలో ఆమోదం పొందింది. మన దేశంలో వలస వీసా ఇంటర్వ్యూ ముంబైలో. మార్చిలో కరోనాతో కాన్సులేట్ మామూలు పనులు ఆపేసింది. ఏప్రిల్‌లో వలస వీసాల మీద అమెరికా అధ్యక్షుడి నిషేధం వచ్చింది. దానిలోంచి పౌరుల భార్యలకి, 21 ఏళ్లలోపు పిల్లలకి మినహాయింపు ఉన్నా, కిటికీ మూసి ఉంటే మినహాయింపు ఏం చేస్తుంది? ఆ నెలలన్నీ ఆమె వారానికోసారి ఫోన్ చేసేది. ఆ మధ్యలో భర్త ఉద్యోగం పోయింది.

ఇక్కడ ఐ-864 గురించి చెప్పాలి. భార్యను ప్రభుత్వ సాయం మీద పడకుండా చూసుకుంటానని భర్త రాసిచ్చే ఒప్పందం అది. ఆదాయం దారిద్ర్య రేఖకు 125 శాతం ఉండాలి. ముగ్గురున్న కుటుంబానికి 2020లో అది 27,150 డాలర్లు. ఉద్యోగం లేకపోయేసరికి అనకాపల్లి నుంచే వెళ్లి స్థిరపడ్డ ఒక స్నేహితుడు జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టాడు. అతనికి అటార్నీ అర్థమయ్యేలా చెప్పారు: ఇది మర్యాద సంతకం కాదు. ఆమె పౌరురాలయ్యేదాకా, లేదా ఆమె పేరున 40 త్రైమాసికాల పని లెక్కకు వచ్చేదాకా ఈ బాధ్యత ఉంటుంది. భార్యాభర్తలు విడిపోయినా పోదు. ఇదే సంగతి నేను ఆమెకూ చెప్పాను. మన ఆడపిల్లలు ఎక్కిన విమానం దిగేసరికి తమకు ఏ హక్కులున్నాయో తెలుసుకుని ఉండాలి. విడాకులైతే భర్త స్పాన్సర్ బాధ్యత పోదని, ఇంట్లో కొడితే భర్తతో సంబంధం లేకుండా సొంతంగా పిటిషన్ వేసుకునే దారి అక్కడి చట్టంలో ఉందని వెళ్లే ప్రతి అమ్మాయికీ చెబుతాను. ఈమె భర్త మంచివాడు. అయినా చెప్పాను.

2021 జనవరిలో ఇంటర్వ్యూ. ముందు వైద్య పరీక్ష. ఛాతీ ఎక్స్‌రేలో పాత టీబీ మచ్చ ఏదైనా కనిపిస్తే మూడు రోజులు కఫం తీసి, కల్చర్ ఫలితం కోసం ఎనిమిది వారాలు ఆగాలి. ఆమెకు అలాంటిదేమీ రాలేదు.

కిటికీ దగ్గర అధికారి పెళ్లి గురించి రెండు ప్రశ్నలే అడిగారట. మూడోది 2018 ఫారం. తను రాసుకున్నదే చెప్పింది. ఆయన స్టేట్‌మెంట్ తీసుకుని, నిర్ణయం ఆపి ఉంచామని తెలిపే 221(జీ) కాగితం చేతికిచ్చి, పరిశీలించి చెబుతామన్నారు. బయటికొచ్చి నాకు ఫోన్ చేసింది. గొంతు వణుకుతోంది గానీ ఏడవలేదు. "అడిగింది అడిగినట్టు చెప్పాను మేడమ్. ఇంక నా చేతిలో ఏమీ లేదు."

ఆరు వారాలకి ఇద్దరి వీసాలూ వచ్చాయి. మార్చి చివర్లో వెళ్లారు.

పెళ్లయి అప్పటికే రెండేళ్లు దాటింది కాబట్టి ఆమెకు నేరుగా పదేళ్ల గ్రీన్ కార్డు వచ్చింది. రెండేళ్లు నిండకుండా వెళ్లేవాళ్లకి వచ్చేది రెండేళ్ల షరతు కార్డు. అది ముగిసే ముందు 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి, ఆ షరతు తీయించుకునే ఐ-751 వెయ్యాలి. మర్చిపోతే హోదాయే పోతుంది.

పాప సంగతి నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. 18 ఏళ్లలోపు బిడ్డ శాశ్వత నివాసిగా అడుగుపెట్టి, పౌరుడైన తల్లి దగ్గరో తండ్రి దగ్గరో వాళ్ల సంరక్షణలో ఉంటే, 2000 నాటి బాలల పౌరసత్వ చట్టం ప్రకారం తనంతట తానే పౌరురాలవుతుంది. ఎవరి కాగితం మిగిలిపోయిందో ఆ మూడేళ్ల పిల్ల, విమానాశ్రయంలో ముద్ర పడగానే అమెరికా పౌరురాలైంది. తల్లి అదే లైన్లో ఆ పిల్ల చెయ్యి పట్టుకుని గ్రీన్ కార్డు మనిషిగా నిలబడింది.

197 రోజులు, అర ఎకరం

పౌరుడి భార్య, అతనితో కలిసి ఉంటే, ఐదేళ్లకు బదులు మూడేళ్లకే పౌరసత్వానికి అర్హురాలు. భర్త కూడా ఆ మూడేళ్లూ పౌరుడై ఉండాలి. అందులో కనీసం 18 నెలలు ఆమె ఒంటితో అక్కడ ఉండాలి. ఒకే ప్రయాణంలో ఆరు నెలలు దాటి బయట ఉంటే నివాసం తెగిందని అనుమానిస్తారు. ఏడాది ఉంటే తెగినట్టే.

2022 ఆగస్టులో తండ్రి తుంటి ఎముక విరిగింది. ఆమె పాపతో వచ్చింది, పాపకు అప్పటికే ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉంది. ఐదు నెలలకి తిరుగు టికెట్టు. ఆపరేషన్ చోట చీము పట్టి రెండోసారి ఆపరేషన్ చెయ్యాల్సొచ్చింది. 180 రోజులు దగ్గర పడుతున్నాయని నేను గుర్తు చేశాను. "తెలుసు మేడమ్, లెక్క రాసుకుంటున్నాను. నాన్న లేచి నడిచాకే వెళ్తాను" అంది. 197వ రోజున వెళ్లింది. వెళ్తూ పాత టికెట్టు, ఆసుపత్రి డిశ్చార్జి పత్రాలు, తేదీ మార్చిన రసీదు తీసుకెళ్లింది. నివాసం తెగలేదని చూపడానికి అమెరికాలోని ఇంటి అద్దె ఒప్పందం, ఉమ్మడి బ్యాంకు ఖాతా, ట్యాక్స్ రిటర్నులు అక్కడ ఎలాగూ ఉన్నాయి. ఎవరూ చెప్పకుండానే తీసుకెళ్లింది.

మంచం మీద ఉండగానే తండ్రి నన్ను పిలిపించారు. సబ్బవరం దగ్గర అర ఎకరం పొలం, పసుపు కుంకుమ కింద కూతురికి గిఫ్ట్ డీడ్ రాసేస్తానన్నారు. "సిటిజన్ రాకముందే రాసేద్దామమ్మా" అని తొందర. పౌరసత్వం వచ్చాకే అడ్డు అని ఆయన అనుకున్నారు. విదేశంలో ఉండే భారతీయులకి కూడా వ్యవసాయ భూమి కొనడానికి గానీ, గిఫ్టుగా తీసుకోవడానికి గానీ విదేశీ మారక నిబంధనలు ఒప్పుకోవు. వారసత్వంగా వస్తే మాత్రం పర్వాలేదు. వీలునామా రాయించి రిజిస్టర్ చేయించాను. వీలునామా అనే మాట ఇంట్లో ఎత్తడం ఆయనకి ఇష్టం లేకపోయింది. "నేను బతికుండగా ఇయ్యాలనుకున్నాను" అన్నారు. ఆ బాధకి నా దగ్గర సెక్షన్ ఏదీ లేదు.

2024 జనవరిలో పౌరసత్వ దరఖాస్తు, ఎన్-400 వేసింది. మూడేళ్లకు 90 రోజుల ముందే వెయ్యొచ్చు. ఇంటర్వ్యూలో 197 రోజుల గురించి అడిగారు. ఫోల్డర్ తీసి వరసగా పెట్టింది. పౌరశాస్త్రంలో 10 ప్రశ్నలకి 6 సరైతే చాలు, మొదటి ఆరూ చెప్పగానే ఆపేశారు. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకి కొత్త పరీక్ష వచ్చింది. 128 ప్రశ్నల్లోంచి 20 అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. పాత పుస్తకం పట్టుకుని చదువుతున్నవాళ్లు ఇది చూసుకోండి.

ప్రమాణం అయిన సాయంత్రం ఆమె నాకు ఫోన్ చేసింది. సంతోషం కంటే ముందు ఆమె అడిగింది పాస్‌పోర్టు గురించి. 1955 నాటి మన పౌరసత్వ చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. ఇంకో దేశం పౌరసత్వం తీసుకున్న క్షణమే మనది పోతుంది, పాత పాస్‌పోర్టు అప్పగించాక ఇచ్చే సరెండర్ సర్టిఫికెట్ దానికి రుజువు మాత్రమే. ఆ తర్వాత భారత పాస్‌పోర్టు మీద ప్రయాణిస్తే నేరం. ఓటరు జాబితాలో పేరు తీయించుకోవాలి. "అంటే నేను ఇంక గాజువాకలో ఓటు వెయ్యనా మేడమ్?" అంది. వెయ్యవమ్మా అన్నాను. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

ఓసీఐ దరఖాస్తు భర్త నింపాడు, ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పదింటికి. సబ్మిట్ నొక్కబోతుంటే ఆమె లాప్‌టాప్ తనవైపు తిప్పుకుని, మొదటి గడి నుంచి చివరిదాకా చదివింది. ఒకచోట ఆపి స్క్రీన్ ఫొటో తీసి నాకు పంపింది. తల్లి పేరులో "అప్పల" లేదు. నేను నిద్ర లేచి చూసేసరికి కింద ఇంకో మెసేజ్ ఉంది: "సరిచేశాను మేడమ్. మీకు ఊరికే చూపిద్దామని."